అక్కడ ఏమీ లేదని ఎవరు చూశారు?

వాట్సాప్‌లో ఏడాదికోసారైనా తిరిగొచ్చే ఫొటో ఒకటుంది. చుట్టూ నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి, నట్టనడుమ మాత్రం చిక్కటి నల్లమచ్చ. కింద రాత ఇలా ఉంటుంది: ఇదే బూటీస్ వాయిడ్, 33 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పు, ఇందులో ఒక్క నక్షత్రం కూడా లేదు. మా మరిది పంపాడు, స్టూడెంట్లు పంపారు, యూట్యూబ్‌లో తెలుగు వీడియోల మీదా అదే బొమ్మ.

వాయిడ్ అంటే గెలాక్సీలు దాదాపు లేని పెద్ద ఖాళీ ప్రాంతం, బూటీస్ అన్నది అది ఉన్న దిక్కులోని నక్షత్రరాశి. ఆ బొమ్మకీ బూటీస్ వాయిడ్‌కీ ఏ సంబంధమూ లేదు. అది బర్నార్డ్ 68 అనే ధూళి మేఘం. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో 1999లో తీసిన ఫొటో. ఆ మేఘం మన పాలపుంతలోనే, జ్యేష్ఠా నక్షత్రానికి తూర్పు వైపు, సుమారు 500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వెడల్పు అర కాంతి సంవత్సరం. అక్కడ నల్లగా ఉండటానికి కారణం ధూళి దట్టంగా పేరుకుని వెనక నక్షత్రాల వెలుగును ఆపేయడం. ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే ఆ వెనక నక్షత్రాలన్నీ కనబడతాయి. అంటే ఏమీ లేని చోటని జనం పంచుకుంటున్నది, నిజానికి చుట్టుపక్కలకన్నా ఎక్కువ సరుకు పోగుపడిన చోటు.

తప్పు ఫొటో వరకే అయితే నేనింత రాయాల్సిన పనిలేదు. అసలు విషయమేమిటంటే, ఆ వాయిడ్‌కు సరైన ఫొటో అంటూ ఉండదు. ఎండాకాలం రాత్రి స్వాతి నక్షత్రం నడినెత్తిన ఉన్నప్పుడు దానికి ఉత్తరంగా ఎంత పెద్ద టెలిస్కోప్ తిప్పినా మామూలు ఆకాశమే కనిపిస్తుంది. మన పాలపుంత నక్షత్రాలుంటాయి, వాటి వెనక బోలెడన్ని గెలాక్సీలు ఉంటాయి. ఎందుకంటే వాయిడ్‌కు ఇవతల గెలాక్సీలు ఉన్నాయి, అవతలా ఉన్నాయి. ఖాళీ ఉన్నది లోతులో, సుమారు 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన. ఆ లోతు ఫొటోలో పడదు.

ఫలానాది ఉంది అనడానికి ఒక్క సాక్ష్యం చాలు. లేదు అనాలంటే అంతటా వెతికి ఉండాలి, ఎక్కడెక్కడ వెతకలేకపోయామో కూడా రాసిపెట్టుకుని ఉండాలి. గత నలభై యాభై ఏళ్ళలో మనుషులు గీసిన విశ్వపటాల్లో గెలాక్సీలను చేర్చడంకన్నా ఖాళీలను నిలబెట్టడమే పెద్ద పని అని నా అభిప్రాయం. పాఠాల్లో మాత్రం నక్షత్రం, గెలాక్సీ, సూపర్‌క్లస్టర్ (గెలాక్సీ గుంపుల గుంపు) అంటూ ఉన్నవాటి పేర్లే చెప్పి ఊరుకుంటాం.

బూటీస్ కథే చూడండి. రాబర్ట్ కిర్ష్‌నర్, ఆగస్టస్ ఓమ్లర్, పాల్ షెక్టర్, స్టీఫెన్ షెక్ట్‌మన్ అనే నలుగురు ఖగోళ శాస్త్రవేత్తలు అప్పటికి ఖాళీల కోసం వెతకడం లేదు. ఆకాశంలో ఒకదానికొకటి బాగా ఎడంగా ఉన్న మూడు చిన్న ప్రాంతాలు తీసుకుని, అక్కడి గెలాక్సీలు ఎంత వేగంతో మననుంచి దూరమవుతున్నాయో కొలిచారు. ఎంత దూరాన ఉంటే అంత వేగంగా వెళ్ళిపోతుంటాయి కాబట్టి, వేగం తెలిస్తే దూరం తెలుస్తుంది కదా. మూడు చోట్లా ఒకే వింత కనబడింది. సెకనుకు 12,000 కిలోమీటర్లనుంచి 18,000 కిలోమీటర్ల మధ్య దాదాపు ఏమీ లేదు. అంతకు తక్కువ వేగంవీ ఉన్నాయి, ఎక్కువవీ ఉన్నాయి. మధ్యలోనే గండి. 1981లో దీన్ని ప్రచురించారు.

నాకు అంతకన్నా ఇష్టమైనది ఆ తర్వాత జరిగింది. మూడు చోట్ల తవ్వి చూసి మధ్యదంతా ఖాళీయే అనడం ఎవరికైనా అనుమానం కలిగించే మాట. వాళ్ళకూ కలిగింది. అందుకని మళ్ళీ వెళ్ళి, ఆ మూడింటి నడుమ ఉన్న ఆకాశమంతా పరుచుకునేలా రెండు వందలకు పైగా చిన్న చిన్న గళ్ళు ఎంచుకుని ఒక్కో గడిలో గెలాక్సీలను కొలుచుకుంటూ పోయారు. 1987లో ఆ ఫలితం వచ్చింది: గండి నిజమే. ఆరేళ్ళపాటు ఒక ‘లేదు’ను పట్టుకుని నిలబెట్టారు. తర్వాతివాళ్ళు వేరే పద్ధతుల్లో వెతికి ఆ ఖాళీలో కొన్ని గెలాక్సీలను కనిపెట్టారు, ఇప్పుడు సుమారు 60 తెలుసు. అంత పెద్ద చోటులో మామూలుగా వేలల్లో ఉండాలి. కాబట్టి ‘ఒక్కటీ లేదు’ అనే మాట కూడా తప్పే.

వాయిడ్ల గురించి మొదట చెప్పింది వీళ్ళే కాదు. ఎస్టోనియాలో యాన్ ఐనాస్టో బృందం 1977లోనే తాలిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో గెలాక్సీలు గళ్ళుగళ్ళుగా అమరి ఉన్నాయనీ, గళ్ళ లోపల ఖాళీలున్నాయనీ చెప్పింది. అమెరికాలో స్టీఫెన్ గ్రెగరీ, లెయర్డ్ థాంప్సన్ 1978లో కోమా సూపర్‌క్లస్టర్ ముందున్న ఖాళీలను చూపించారు. ఈ రెండు పేర్లూ బూటీస్‌కు వచ్చినంత ప్రచారానికి నోచుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆకాశపటం అనగానే మన హైదరాబాద్ గుర్తొస్తుంది నాకు. 20వ శతాబ్దం మొదటి సగంలో నిజామియా అబ్జర్వేటరీ ప్రపంచ ఆకాశపటం పనిలో పాలుపంచుకుని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేసింది. ఏది ఎటువైపు ఉందో అందులో ఉంటుంది, ఎంత దూరంలో ఉందో ఉండదు. ఆ కాలపు పటాలన్నీ అంతే, చదునుగా ఉంటాయి. మూడో కొలత కావాలంటే ఒక్కో గెలాక్సీ కాంతిని స్పెక్ట్రంగా, అంటే రంగుల పట్టీగా విడదీసి, అందులోని గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో చూడాలి. దాన్నే రెడ్‌షిఫ్ట్ అంటాం. 1912లో లోవెల్ అబ్జర్వేటరీలో వెస్టో స్లైఫర్ ఆండ్రోమెడా గెలాక్సీ వేగం కొలిచినప్పుడు ఒక్క స్పెక్ట్రం కోసం ఫొటోప్లేటును గంటలకు గంటలు, కొన్నిసార్లు ఒకటికి మించిన రాత్రులు ఆకాశానికి తెరిచి ఉంచాల్సి వచ్చేది. ఒకసారికి ఒకటే గెలాక్సీ. ఆ వేగంతో ఖాళీ మాట ఎత్తడం కూడా కుదరదు.

1980లలో హార్వర్డ్‌లో వలెరీ ద లాపరెంట్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా ఆకాశంలో 117 డిగ్రీల పొడవు, 6 డిగ్రీల వెడల్పు ఉన్న ఒక్క పట్టీని తీసుకుని సుమారు 1,100 గెలాక్సీలకు దూరం కట్టారు. టెలిస్కోప్ చిన్నదే, అరిజోనాలో ఒకటిన్నర మీటర్ల అద్దం ఉన్నది. 1986లో వచ్చిన ఆ పటంలో గెలాక్సీలు పెద్ద బుడగల అంచుల మీద పేర్చినట్టు ఉన్నాయి, బుడగల లోపల చుక్క లేదు. గెలాక్సీలు విశ్వమంతటా కాస్త అటూ ఇటూగా సమంగా చల్లి ఉంటాయని అంతదాకా అనుకున్నవాళ్ళకి అది నిజంగా షాకే.

తర్వాత ఫైబర్లు, అంటే కాంతిని మోసుకెళ్ళే సన్నటి గాజు పోగులు వచ్చాయి. గెలాక్సీల దూరాలు కొలిచి పటం గీసే న్యూమెక్సికోలోని స్లోన్ సర్వే తొలినాళ్ళ పనితీరు నన్ను ఎప్పటికీ ఆకట్టుకుంటుంది. ఆ రాత్రి చూడబోయే ఆకాశం ముక్కకు తగ్గట్టు ఒక అల్యూమినియం పళ్ళెం చేసేవారు. ఏ గెలాక్సీ బింబం ఎక్కడ పడుతుందో లెక్కవేసి సరిగ్గా అక్కడ రంధ్రాలు వేసేవారు, పళ్ళేనికి 640. పగలు మనుషులు కూర్చుని ఒక్కో రంధ్రంలో ఒక్కో ఆప్టికల్ ఫైబర్‌ను చేత్తో గుచ్చేవారు. రాత్రి ఆ పళ్ళెం టెలిస్కోప్‌కి బిగించేవారు, 640 స్పెక్ట్రాలు ఒకేసారి వచ్చేవి. ఇప్పుడు అరిజోనాలోని కిట్ పీక్ మీద డెసీ సర్వేలో ఆ గుచ్చే పని 5,000 చిన్న రోబోలు చేస్తున్నాయి. 2021లో మొదలైన ఆ సర్వే తొలి విడత డేటాను 2025 మార్చిలో అందరికీ తెరిచింది. అందులో సుమారు 1.87 కోట్ల గెలాక్సీలు, క్వాజార్లు (విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రాలు), నక్షత్రాలు ఉన్నాయి.

స్లోన్ వాళ్ళ ప్రసిద్ధ పటాన్ని ప్రొజెక్టర్ మీద వేసి డిగ్రీ పిల్లలకు చూపిస్తుంటాను. నడిమధ్యలో మనం, రెండు వైపులా విసనకర్రల్లా విచ్చుకున్న చుక్కలు, ఒక్కో చుక్క ఒక గెలాక్సీ. అంచు దగ్గర దూరం 200 కోట్ల కాంతి సంవత్సరాలు. ఒకసారి ఒకమ్మాయి లేచి, రెండు విసనకర్రల మధ్య ఉన్న పెద్ద నల్లటి జాగా చూపించి, “మేడమ్, వాయిడ్ అంటే అదేనా?” అంది. వెనకనుంచి ఇంకొకడు, “మేడమ్, చివరికెళ్ళేకొద్దీ చుక్కలు తగ్గిపోయాయి. దూరంగా గెలాక్సీలు తక్కువుంటాయా?” అన్నాడు. ఇంతకన్నా మంచి ప్రశ్నలు ఆ పటం మీద ఉండవు.

ఆ నల్లటి జాగా వాయిడ్ కాదు. అటువైపు మన పాలపుంత ధూళి అడ్డం. స్లోన్ అటు చూడలేదు. అంచుల్లో చుక్కలు తగ్గడానికి కారణం, అంత దూరంలో బాగా ప్రకాశవంతమైన గెలాక్సీలే మన కంటికి అందడం. మసకవి అక్కడా ఉన్నాయి, మన లెక్కలోకి రాలేదంతే.

జనాభా లెక్కలకు వెళ్ళినవాళ్ళ పని గుర్తు చేసుకోండి. తలుపు తట్టి, లోపలికి చూసి, ఇంట్లో ఎవరూ కాపురం లేరని రాయడం వేరు. తాళం వేసి ఉంది, మనుషులు దొరకలేదు అని రాయడం వేరు. అసలు ఆ వీధికే వెళ్ళలేదు అన్నది మూడో మాట. మూడింటికీ కాగితం మీద సున్నాయే వేస్తే ఊరి లెక్క మొత్తం తప్పుతుంది.

విశ్వపటం చేసేవాళ్ళు ఈ మూడు సున్నాలను వేరుచేయడానికే సగం బతుకు ఖర్చుపెడతారు. స్లోన్ పళ్ళెంలో రెండు ఫైబర్లు 55 ఆర్క్‌సెకండ్లకన్నా, అంటే డిగ్రీలో 65వ వంతుకన్నా దగ్గరగా పట్టేవి కావు. పక్కపక్కనే రెండు గెలాక్సీలుంటే ఒకదాన్ని వదిలేయాల్సి వచ్చేది. అలా ఎంచుకున్నవాటిలో నూటికి ఆరు దాకా వదిలిపోయేవి. ఎక్కడ వదిలిపోతాయి? గుంపులున్న చోటే కాబట్టి ఆ గుంపు ఉన్నదానికన్నా పలచగా లెక్కకొస్తుంది. ఇది కాక, ప్రకాశవంతమైన నక్షత్రం పక్కన పడ్డ గెలాక్సీ దొరకదు. ఒక రాత్రి మబ్బు పడితే ఆ ముక్కలో మసక గెలాక్సీలు దొరకవు. ఇలాంటి చోట్లన్నిటినీ గుర్తించి ఒక మాస్క్ తయారుచేస్తారు.

ఆ మాస్క్ మీద రాండమ్ కేటలాగ్ అనేది కడతారు. దీని గురించి ప్రజల కోసం రాసే వ్యాసాల్లో ఎవరూ ప్రస్తావించరు, నాకదే బాధ. కంప్యూటర్‌లో గెలాక్సీలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉత్తుత్తి చుక్కలను ఏ గుంపూ గండీ లేకుండా చల్లుతారు. అయితే నిజం సర్వే ఎక్కడ చూసిందో అక్కడే, ఎంత బాగా చూడగలిగిందో అంతే మోతాదులో. విశ్వంలో ఏ అమరికా లేకపోయి ఉంటే మన టెలిస్కోప్‌కి ఏం కనబడేదో ఆ పటం అది. నిజం పటాన్ని దాని పక్కన పెడితేనే ఇక్కడ గెలాక్సీలు తక్కువ అన్న మాటకు అర్థం వస్తుంది. దూరంతో చుక్కలు పలచబడే చిక్కుకు కొందరు ఇంకో దారి పడతారు. ఆ చివరి దూరంలో కూడా కనబడేంత వెలుగున్న గెలాక్సీలనే ఉంచుకుని, దగ్గర్లో కష్టపడి కొలిచిన మసకవాటినన్నిటినీ పక్కన పెట్టేస్తారు. చేతికొచ్చిన డేటాను అలా వదులుకోవడానికి మనసు గట్టిగా ఉండాలి.

ఇంత చేసినా వాయిడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నది తెగని మాటే. ఒక పద్ధతి గెలాక్సీలు లేని చోట గోళాలను పెంచుకుంటూ పోతుంది, ఇంకోటి వాన నీళ్ళు ఎటు పారతాయో చూసి పరీవాహక ప్రాంతం గీసే లెక్కను వాడుతుంది. ఒకే డేటా మీద రెండూ నడిపితే రెండు రకాల వాయిడ్లు వస్తాయి. పైగా దూరం అంటున్నది వేగంనుంచి తీసింది కాబట్టి, గెలాక్సీ సొంత కదలిక వల్ల ఆకారం సాగుతుంది, నొక్కుకుంటుంది. విశ్వశాస్త్రవేత్త జేమ్స్ పీబుల్స్ 2001లో ఇంకో ప్రశ్న లేవనెత్తాడు. సిద్ధాంతం ప్రకారం వాయిడ్ల నిండా చిన్న మరుగుజ్జు గెలాక్సీలైనా ఉండాలనిపిస్తుంది, మరి అవేవి? నిజంగానే లేవా, మసకగా ఉండి కంటికి ఆనడం లేదా? ఆ చర్చ చాలాకాలం నడిచింది.

సరే, ఇంత కష్టపడి ఖాళీని కొలిస్తే ఏమొస్తుంది? చాలా వస్తుంది. విశ్వం వయసు 3,80,000 ఏళ్ళప్పుడు ఒక చోటికీ ఇంకో చోటికీ సాంద్రతలో తేడా లక్షలో ఒక వంతు. ఆ కాస్త ఎక్కువున్న చోటు చుట్టూ ఉన్నదాన్ని లాక్కుంటూ బలిసింది. కాస్త తక్కువున్న చోటు ఉన్నదీ పోగొట్టుకుంటూ వచ్చింది. వాయిడ్ లోపలి పదార్థం అంచులవైపు జారుకుంటుంది, లోపల లాగే బలం తగ్గి అక్కడ విస్తరణ ఇంకా జోరందుకుంటుంది. క్లస్టర్లలో, అంటే గుంపులు కట్టిన చోట, గెలాక్సీలు ఒకదానికొకటి గుద్దుకుని, కలిసిపోయి పాత ఆనవాళ్ళు చెరిపేసుకుంటాయి. వాయిడ్లలో అలా జరగదు. 2023లో స్పెయిన్ శాస్త్రవేత్తల నాయకత్వంలో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, వాయిడ్లలోని గెలాక్సీలు సగటున తమ నక్షత్రాలను ఇతర చోట్లకన్నా నెమ్మదిగా కూడబెట్టుకున్నాయి. విశ్వ విస్తరణను జోరెక్కిస్తోందనుకునే డార్క్ ఎనర్జీ గురించి, గురుత్వాకర్షణ సూత్రాలు పెద్ద దూరాల్లో కూడా అలాగే ఉంటాయా అన్నదాని గురించి పరీక్షించడానికి గోలలేని చోటు అదే.

అంతెందుకు, మనమూ ఒక వాయిడ్ పొలిమేరలోనే ఉన్నాం. 1987లో బ్రెంట్ టులీ, రిచర్డ్ ఫిషర్ గుర్తించిన లోకల్ వాయిడ్ మన పక్కనే మొదలవుతుంది. మన గెలాక్సీల గుంపు సెకనుకు సుమారు 630 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే, అందులో 260 కిలోమీటర్ల దాకా ఆ వాయిడ్‌నుంచి దూరంగా వెళ్ళే వేగమేనని టులీ బృందం 2008లో లెక్క చూపింది. ఖాళీ మనల్ని నెట్టడం లేదు. అటువైపు లాగేది లేదు, మిగతా వైపుల లాగేవి ఉన్నాయి. ఫలితం మాత్రం నెట్టినట్టే.

‘లేదు’ను సరిగ్గా పరీక్షించకపోతే ఏమవుతుందో కోల్డ్ స్పాట్ కథ చెబుతుంది. విశ్వం తొలి వెలుగు పటంలో ఎరిడనస్ నక్షత్రరాశి వైపు ఒక చోటు మామూలుకన్నా చల్లగా ఉంది. 2007లో ఒక బృందం అటువైపు రేడియో తరంగాలు వెదజల్లే గెలాక్సీలు తగ్గాయని చూసి, సుమారు 100 కోట్ల కాంతి సంవత్సరాల వాయిడ్ ఉందని ప్రకటించింది. ప్రపంచమంతా వార్త. సమాంతర విశ్వం ముద్ర అని కూడా రాసేశారు. 2010లో ఇంకొందరు అదే దిక్కున గెలాక్సీలకు స్పెక్ట్రాలు తీసి, వాళ్ళు చెప్పిన దూరాల్లో అలాంటి ఖాళీ ఏదీ లేదని తేల్చారు. 2015లో అంతకన్నా దగ్గర్లో వేరే పెద్ద పలచటి ప్రాంతం బయటపడింది. అది నిజమే, కానీ చల్లదనంలో చిన్న భాగానికే అది కారణం కాగలదని తర్వాతి కొలతలు చెప్పాయి. మొదటి ప్రకటన ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతూనే ఉంది. 2010 నాటి జవాబును ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మన దేశంలో 2017లో సరస్వతి సూపర్‌క్లస్టర్ వార్త వచ్చినప్పుడు నేనెంత సంతోషించానో చెప్పలేను. మీనం దిక్కున, 400 కోట్ల కాంతి సంవత్సరాల అవతల, సుమారు 60 కోట్ల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న గెలాక్సీ గుంపుల గుంపు. పుణేలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా నుంచి జయదీప్ బాగ్చీ, సోమక్ రాయ్‌చౌధురి, వాళ్ళతో పుణే ఐసర్, జంషెడ్‌పూర్ ఎన్ఐటీ, కేరళలో తొడుపుళ అనే చిన్న పట్టణంలోని న్యూమన్ కాలేజీ వాళ్ళు కలిసి చేసిన పని. టెలిస్కోప్ వాళ్ళది కాదు. స్లోన్ సర్వే అందరికీ ఇచ్చిన డేటాలోనే వెతికి పట్టుకున్నారు. తొడుపుళ కాలేజీకి సాధ్యమైంది విజయనగరం కాలేజీకో, నల్లగొండ కాలేజీకో ఎందుకు కాదు?

ఇప్పుడు డెసీ డేటా నెట్‌లో ఊరికే దొరుకుతోంది. వాయిడ్లు వెతికే ప్రోగ్రాములు పైథాన్‌లో ఉచితంగా ఉన్నాయి. మొత్తం డేటా అక్కర్లేదు, రెండు మూడు డిగ్రీల సన్నటి పట్టీ చాలు, మామూలు ల్యాప్‌టాప్ మోస్తుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంటే పాత సీనియర్ రికార్డు తిరగరాయడం కాకుండా, ఒక్క పట్టీలో రెండు పద్ధతులతో వాయిడ్లు తీసి, రెండింటిలోనూ నిలిచినవి ఏవో, ఒకదాంట్లోనే వచ్చినవి ఏవో, ఎందుకో రాయమనండి. మా పిల్లలకి నేను చెప్పేది ఒకటే: ముందు రాండమ్ కేటలాగ్ డౌన్‌లోడ్ చేసి ప్లాట్ వేయండి, సర్వే ఎక్కడ చూడలేదో వేలు పెట్టి చూపించండి, గెలాక్సీల ఫైలు ఆ తర్వాతే తెరుద్దాం.